డెబియన్: నిలకడకూ కొత్తదనానికీ మధ్య

ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో ప్రారంభించిన డెబియన్, అంటే లినక్స్ కెర్నల్‌కు వేలాది ప్రోగ్రాములను జతచేసి స్వచ్ఛంద కార్యకర్తలు ఉచితంగా అందించే ఆపరేటింగ్ సిస్టమ్, తప్పులు వడగట్టిన ప్రోగ్రాములను 'స్టేబుల్' శాఖలోనూ, అప్పుడే తయారైనవాటిని 'అన్‌స్టేబుల్' శాఖలోనూ ఉంచేది. రెండవదానికి 'టాయ్ స్టోరీ' చిత్రంలో బొమ్మలను విరగ్గొట్టే కుర్రవాడైన సిడ్ పేరు పెట్టడం ఎంతో సముచితం.

ఈ రెండింటి నడుమ 2000 చివర్లో 'టెస్టింగ్' వెలసింది. సిడ్‌లోకి వచ్చిన ప్యాకేజీ, అంటే స్థాపనకు సిద్ధంగా కట్టిన ప్రోగ్రాము మూట, కొన్ని రోజులు ఆగి, కొత్తగా తీవ్రమైన దోషాలేవీ బయటపడకపోతే, అది ఆధారపడే ఇతర ప్యాకేజీలు కూడా సిద్ధంగా ఉంటేనే టెస్టింగ్‌లోకి చేరేది.

అయినా కొత్త స్టేబుల్ విడుదలల్లో జాప్యం తప్పలేదు. 2002 జులై 19న విడుదలైన 'వుడీ'లో, కిటికీలూ మెనూలూ ఉన్న డెస్క్‌టాప్‌ను అందించే కేడీఈ మూడవ వెర్షన్ అప్పటికే వచ్చి మూడు నెలలు దాటినా, దాని 2.2 వెర్షనే ఉంది. తరువాతి 'సార్జ్' 2005 జూన్ 6 దాకా రాలేదు. సర్వర్ నిర్వాహకులకు వరమైన ఆ నిదానం డెస్క్‌టాప్ వాడుకరులకు నిజంగా భారమైంది. కొత్త ప్రోగ్రాములను స్టేబుల్‌కు సరిపడేలా తిరిగి కంపైల్ చేసి అందించే 'బ్యాక్‌పోర్ట్స్' వారి అవసరం నుంచే బలపడి, 2010లో డెబియన్ అధికారిక సేవగా మారింది.