పిలుపు కంటే ముందు వరస: మన పేర్ల చరిత్ర



సంతల దుకాణపాయన మన నాయన వయసు మనిషిని "ఏ జంగూ, ఇటు రా" అంటడు. పట్నం నుంచి వచ్చినాయనను "రండి సార్" అంటడు. పేరుతో పిలిస్తే దగ్గరితనమే కదా అని కొందరంటరు. దగ్గరితనమైతే రెండు దిక్కులా ఉండాలె. మన నాయన మాత్రం ఆయనను "సేట్" అనే అనాలె.

ఇది మన పద్ధతి కాదు. గోండు గూడేనికి కొత్త మనిషి వస్తే ముందు ఊరు, ఇంటిపేరు అడుగుతరు. ఆత్రం, మడావి, సిడాం... ఏ ఇంటిపేరు ఏ సగలోకి వస్తదో పెద్దలకు తెలుసు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలున్నయి. ఒకే సగ అయితే అన్నదమ్ములు. వేరే సగ అయితే మామ, బావ వరస కలవొచ్చు. వరస తేలినంకనే పిలుపు. ఎన్నడూ చూడని మనిషి కూడా రెండు మాటల్లో చుట్టమైతడు.

నిజాం కాలంల బయటి వ్యాపారులు, అప్పులిచ్చేటోళ్లు మన ఊర్లకు వచ్చిండ్రు. వాళ్లకు మన వరసలతోని పని లేదు. అప్పు తీసుకున్నోడు ఉత్త పేరు, ఇచ్చినోడు సేట్ అయిండు. అప్పులతోని, పట్టాలతోని భూములు పోయినయి, వాటితోపాటే మర్యాద కూడా పోయింది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైనంక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి మన భూముల గోస, మన సగల సంగతి రెండూ రాసిండు.

విశాఖ మన్యంలో ఇంకో కథ. తెలంగాణ మైదానంల "దొర" అంటే గడీల ఉండే భూస్వామి. మన్యంలో ఆ మాట ఆదివాసీల పేర్లలోనే ఉంది. 1922–24 పోరాటంలో అల్లూరితో నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర మనోళ్లే. జైలుశిక్ష అనుభవించిన మల్లుదొర 1952లో మొదటి లోక్‌సభకు గెలిచిండు.

1989 అట్రాసిటీ చట్టం మనల్ని జనం ముందు కావాలని అవమానిస్తే నేరమన్నది. కానీ "ఏయ్", "నువ్వు" అనే ప్రతి పిలుపు మీద కేసు పెట్టలేం. అక్కడ మన నోరే పని చెయ్యాలె: "ఆయన మా పెద్దమనిషి, మీరు అనండి." కొట్లాట అవసరం లేదు, నెమ్మదిగ అంటే చాలు.

మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే. రేపు మనలో కొందరం డిపోల, బ్యాంకుల, ఆఫీసుల కూర్చుంటం. అప్పుడు ఎదురుగ నిలబడ్డ కోలాం అవ్వను, తోటి తాతను మనం ఏమని పిలుస్తం? కుర్చీ రాంగనే మన నోట్లెకు సేట్ మాట రావద్దు.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతలను, అవ్వలను అడిగి మీ ఇంటిపేరు, సగ, వరసలు రాసుకొని రండి. గోండులే కాదు, కోయ, కొలాం, తోటి, నాయక్‌పోడ్, ఎవరి పద్ధతి వాళ్లు రాయండి. ఇక్కడ పెట్టండి, అందరం చదువుకుందాం.