ప్రాంప్ట్‌కి ఇంటిపేరు వచ్చిన కథ

లినక్స్ మెషీన్ ముందు కూర్చుని టెర్మినల్ తెరిస్తే, మనం ఒక్క అక్షరం కొట్టకముందే అది పలకరిస్తుంది: రవి@డెస్క్:~$. ముందు మనిషి పేరు, తర్వాత @ గుర్తు, దాని వెనక మెషీన్ పేరు, ఆపైన ఏ డైరెక్టరీలో ఉన్నామో. మన లెక్కలో పేరు, ఇంటిపేరు, వీధి. కాకపోతే మనం ఇంటిపేరు ముందు చెప్పి పేరు తర్వాత చెబుతాం, ఇది తిరగేసి చెబుతుంది. రోజుకు వందసార్లు కళ్లముందు పడే ఈ వరుసను, అంటే ప్రాంప్ట్‌ను, నిజానికి ఎవరూ చదవరు. గోడ మీద పాత క్యాలెండర్‌లా అలా ఉంటుందంతే. చదవాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆ సంగతి తర్వాత.

మొదట్లో ఈ ఇంటిపేరు లేదు. ఉండాల్సిన పనీ లేదు. 1961లో ఎంఐటీలో తొలిసారి నడిపి చూపిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ, చెప్పిన పని ముగించాక ‘ఆర్’ అనే ఒక్క అక్షరం కొట్టేది. రెడీ అని అర్థం. పక్కనే ఆ పనికి ఎంత సమయం పట్టిందో అంకెలు. దాని వారసుడు మల్టిక్స్ కూడా ఆ అలవాటే పట్టుకుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ సమయం బంగారం కాబట్టి ఆటో మీటర్‌లా అది ముందు లెక్క చూపించేది. ఏ కంప్యూటరో చెప్పడమెందుకు? వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కంప్యూటర్లే ఉన్న రోజులవి.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌కి రాసిన తొలి షెల్, అంటే కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్, ఇంకా పొదుపరి. మామూలు వాడుకరికి % గుర్తు, సర్వాధికారి అయిన రూట్‌కి # గుర్తు. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన స్టీవ్ బోర్న్ షెల్ %ని తీసేసి $ పెట్టింది. ఈ పొదుపు వెనక యంత్రం ఉంది. యూనిక్స్ తొలినాళ్లలో ఎక్కువచోట్ల తెర లేదు, కాగితం మీద టకటకా కొట్టే టెలిటైప్ ఉండేది. అందరూ వాడిన మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు కొట్టగలదు. పైన రాసిన రవి ప్రాంప్ట్ ఇంగ్లిష్ అక్షరాల్లో పన్నెండు పదమూడు ఉంటుంది. అంటే ప్రతి కమాండ్‌కీ ముందు సెకనుకు పైగా చేతులు కట్టుకుని కూర్చోవాలి, కాగితం ఖర్చు వేరే. అయితే బోర్న్ ఒక మేలు చేశాడు. ప్రాంప్ట్‌ని పీఎస్1 అనే పేరుతో వాడుకరి చేతికిచ్చాడు, కావలసింది రాసుకోమని. తర్వాత జరిగిందంతా ఆ కన్నంలోంచి దూరి వచ్చినదే.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ మీద డాస్ ‘ఎ>’ అనేది. అది డ్రైవ్ పేరు, మెషీన్ పేరు కాదు. ఇంట్లో ఒంటరిగా బతికే పెట్టెకు ఇంటిపేరు అడిగేవాడెవడు? ఫ్లాపీ ఎక్కడుందో తెలిస్తే చాలు.

పేరు అవసరం దూరంతో పుట్టింది. 1969 అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌లోకి లాగిన్ అవబోయారు. ‘ఎల్’, ‘ఓ’ రెండక్షరాలు వెళ్లాక అవతలి వ్యవస్థ కూలిపోయింది. ఇంటర్నెట్‌కు పూర్వీకురాలైన ఆర్పానెట్ తొలి సందేశంగా అందరూ చెప్పుకునే కథే. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. మనిషి ఒకచోట, పని మరోచోట. తెర మీది మాట ఎవరిదన్న ప్రశ్నకు అప్పుడే ప్రాణం వచ్చింది.

మొదట నెట్‌వర్క్‌లో కంప్యూటర్లకు అంకెలే ఉండేవి. ఒక్కో చోట ఒక్కో ముద్దుపేరుతో పిలుస్తుంటే గందరగోళమని, అందరూ ఒకే పొట్టిపేర్లు వాడదామని 1971 సెప్టెంబర్‌లో మైటర్ సంస్థకు చెందిన పెగ్గీ కార్ప్ ప్రతిపాదించింది. ఆర్‌ఎఫ్‌సీలనే నెట్‌వర్క్ పత్రాల్లో అది 226వది. ఆ పేర్ల జాబితాను తర్వాత స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం ఒకే ఒక్క ఫైల్‌గా కాపాడింది. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్ రూపొందించేదాకా ప్రపంచానికి ఓటర్ల జాబితా లాంటిది అదే.

1971లోనే రే టామ్లిన్సన్ మనిషికీ మెషీన్‌కీ మధ్య @ పెట్టి ఈమెయిల్ పంపాడు. తమాషా ఏమిటంటే, అతను వాడిన, టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే మెషీన్ల ప్రాంప్ట్ కూడా @ గుర్తే. పేరూ ఊరూ లేకుండా ఆ గుర్తొక్కటే మెరుస్తూ కూర్చునేది. టెనెక్స్ మీద మోజుతో కార్నెగీ మెలన్‌లో కెన్ గ్రీర్ మొదలుపెట్టిన టీసీ షెల్‌లో ఆ ‘టీ’ టెనెక్స్‌దే. % పక్కన ‘ఎం’ రాస్తే చాలు, ప్రాంప్ట్‌లోకి మెషీన్ పేరు వచ్చి కూర్చునే సౌకర్యం ఆ షెల్‌లో ఉంది.

మరి యూనిక్స్‌కి తన పేరు తనకు ఎప్పుడు తెలిసింది? ఏడో ఎడిషన్‌లో మెషీన్ పేరు ఒక హెడర్ ఫైల్‌లో రాసి ఉండేది. ఆ ఫైల్ పేరే ‘హూయామై’, అంటే నేనెవర్ని! పేరు మార్చాలంటే దాన్ని వాడే ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ కంపైల్ చేయాలి. సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ వంశంలో మొదట పేరుకు ఎనిమిది అక్షరాలే చోటు. మన ఇళ్లలో పెట్టే వెంకట సత్యనారాయణ లాంటి పేర్లకు అక్కడ ప్రవేశం లేదు. 1983లో బర్క్లీ నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ పేరు పెట్టడానికీ అడగడానికీ వేరుగా సిస్టమ్ కాల్స్ ఇచ్చింది. దాంతోపాటే ఆర్‌లాగిన్ కూడా వచ్చింది. పక్క మెషీన్‌లోకి, అక్కణ్నుంచి ఇంకో మెషీన్‌లోకి, గడప దిగకుండా ఊరంతా తిరగొచ్చు. తిరిగాక ఎవరింట్లో ఉన్నామో గుర్తుండదు. ల్యాబ్‌లో వరుసగా ఒకేలా ఉండే వర్క్‌స్టేషన్లు, అన్నింటి మీదా అదే %. అందుకని ఎవరికి వారు తమ స్టార్టప్ ఫైల్‌లో మెషీన్ పేరు, అంటే హోస్ట్‌నేమ్, ముందు వచ్చేలా ఒక వరుస రాసుకున్నారు. ఎవరూ ఆదేశించలేదు. తప్పిపోయినవాళ్లు గుర్తు కోసం దారి పొడుగునా రాళ్లు పెట్టుకున్నట్టు అలవాటైంది.

లాగిన్ తెర మీద మాత్రం మెషీన్ పేరు ఇంకాస్త దర్జాగా కూర్చుంది. తలుపు తీసే పని గెట్టీ అనే చిన్న ప్రోగ్రామ్‌ది. బీఎస్‌డీల్లో అది ఒక పట్టిక చూసి, ఆపరేటింగ్ సిస్టమ్ పేరూ హోస్ట్‌నేమూ కలిపి పలకరింపు వేస్తుంది. లినక్స్‌లో ‘ఇష్యూ’ అనే ఫైల్‌లో ఉన్నది చూపించి, కింద మెషీన్ పేరు పెట్టి ‘లాగిన్:’ అని అడుగుతుంది. డెబియన్ లినక్స్ ఆ ఫైల్‌లోనే హోస్ట్‌నేమ్ గుర్తు పెట్టి పంపుతుంది కాబట్టి పేరు పైనొకసారి, కిందొకసారి కనబడుతుంది. బొమ్మల తెరలు వచ్చాక కూడా ఈ మర్యాద పోలేదు. ఎక్స్‌డీఎం పలకరింపులో మెషీన్ పేరుకు చోటుంచారు, సీడీఈ అయితే ‘ఫలానా మెషీన్‌కు స్వాగతం’ అనేది.

పేరే పెట్టకపోతే? నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. ఫ్రీబీఎస్‌డీ గెట్టీ, హోస్ట్‌నేమ్ ఖాళీగా ఉంటే ఆ స్థానంలో ‘ఆమ్నీసియాక్’ అని వేస్తుంది. అంటే మతిపోయినవాడు. ఫ్రీబీఎస్‌డీ పునాది మీద కట్టిన జూనిపర్ రూటర్లను కొత్తగా పెట్టెలోంచి తీసి కరెంటిస్తే అదే మాట పలుకుతాయి. లక్షల ఖరీదు చేసే యంత్రం ‘నేనెవరో గుర్తులేదు, లాగిన్?’ అని అడగడం! లినక్స్ కెర్నల్ దగ్గర అంత చమత్కారం లేదు. బ్రాకెట్లలో ‘నన్’ అంటుంది, ఏమీ లేదని. స్లాక్‌వేర్ లినక్స్ ఇచ్చే పేరు ‘డార్క్‌స్టార్’, గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ పాట పేరు. దాన్ని తయారుచేసిన ప్యాట్రిక్ వోల్కర్డింగ్ ఆ బ్యాండ్ వీరాభిమాని.

ప్రాంప్ట్‌లో డిఫాల్ట్‌గా ఏం చూపించాలన్న నిర్ణయం మాత్రం విచిత్రంగా చేతులు మారింది. 1989లో బ్రయన్ ఫాక్స్ రాసిన బ్యాష్ షెల్, దాని మానాన దాన్ని వదిలేస్తే, మెషీన్ పేరు చెప్పదు. తన పేరూ తన వెర్షన్ నంబరూ చెబుతుంది: బ్యాష్-5.1$. ఇల్లెవరిదని అడిగితే తన విజిటింగ్ కార్డు చేతికిచ్చే వాచ్‌మన్ అన్నమాట. స్టార్టప్ ఫైళ్లు దొరకని రోజున ఇప్పటికీ ఆ కార్డే కనిపిస్తుంది. ఆ మరుసటి ఏడాది ప్రిన్స్‌టన్‌లో పాల్ ఫాల్‌స్టాడ్ రాసిన జడ్‌షెల్ తీరు వేరు. ఏమీ మార్చకపోయినా అది మెషీన్ పేరు చెప్పి % పెడుతుంది. బ్యాష్ వదిలేసిన పనిని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు పూర్తిచేశాయి. డెబియన్, ఉబుంటు పేరు@మెషీన్ పెట్టి డైరెక్టరీ దారి మొత్తం రాస్తాయి. రెడ్‌హ్యాట్ అదే ముక్కను చదరపు బ్రాకెట్లలో పెట్టి చివరి డైరెక్టరీ పేరు మాత్రమే చెబుతుంది. ఏళ్లతరబడి ఒకటి వాడినవాళ్లకు రెండోది చూస్తే పొరుగింటి వంటగదిలో ఉప్పు డబ్బా వెతుక్కున్నట్టుంటుంది.

ఈ డిస్ట్రిబ్యూషన్లన్నీ చేసిన ఎంపిక ఒకటి మాత్రం నాకు నచ్చదు. బ్యాష్‌లో చిన్న హెచ్ రాస్తే పేరులో మొదటి చుక్క వరకే వస్తుంది, పెద్ద హెచ్ రాస్తే పూర్తి పేరు వస్తుంది. అందరూ చిన్నదే పెట్టారు. ఒకే గదిలో పది మెషీన్లున్న కాలంలో అది సబబే. ఇవాళ హైదరాబాద్‌లో ఒక వెబ్1, సింగపూర్‌లో ఒక వెబ్1 ఉన్న కంపెనీలో పక్కపక్కనే రెండు కిటికీలు తెరిస్తే రెండూ వెబ్1 అనే అంటాయి. తేడా చెప్పే ముక్క చుక్క తర్వాతే ఉంది, దాన్నే కోసి పారేశాం.

మ్యాక్‌లో చాలాకాలం మన పద్ధతే నడిచింది. ఇంటిపేరు ముందు, డైరెక్టరీ, ఆ తర్వాత మనిషి పేరు. 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనాతో డిఫాల్ట్ షెల్ బ్యాష్ నుంచి జడ్‌షెల్‌కి మారినప్పుడు ఆ వరుస కూడా తిరగబడింది. మ్యాక్‌లో ఇంకో వింత ఉంది. హోస్ట్‌నేమ్ గట్టిగా స్థిరం చేయకపోతే అది నెట్‌వర్క్ చెప్పిన పేరు నమ్మేస్తుంది. కొత్త చోట వైఫై కలిపి టెర్మినల్ తెరిస్తే, మన పేరు పక్కన ఎవరిదో పరాయి ఫోన్ పేరు వచ్చి కూర్చుని ఉంటుంది. హ్యాక్ అయ్యామేమోనని హడలిపోయినవాళ్లు చాలామంది.

డిఫాల్ట్ పేర్లతో చిక్కు ఏమిటంటే అవి అందరికీ ఒకటే. సిస్కో రూటర్ పేరు రూటర్, రాస్ప్‌బెరీ పై పేరు రాస్ప్‌బెరీపై, మరెన్నో సర్వర్ల పేరు లోకల్‌హోస్ట్. తరగతిలో నలభై మందికీ విద్యార్థి అనే పేరుంటే హాజరు ఎలా వేస్తారు? విండోస్ దీనికి జాతకం చూడకుండా పేరు పెట్టే ఉపాయం కనిపెట్టింది. ‘డెస్క్‌టాప్-’ అని ఎనిమిది అక్షరాలు, ఆపైన ఇష్టమొచ్చినట్టు ఏరిన ఏడు. మొత్తం పదిహేను. పాత నెట్‌బయాస్ పేర్ల హద్దు సరిగ్గా అంతే. డాకర్ కంటైనర్ తన గుర్తింపు సంఖ్యలో మొదటి పన్నెండు అంకెలూ అక్షరాలే హోస్ట్‌నేమ్‌గా పెట్టుకుంటుంది. అమెజాన్ సర్వర్ తన ఐపీ అడ్రసే పేరంటుంది. ఒకదాని పేరు మరొకదానికి రాదు, నిజమే. కానీ ఏదీ గుర్తుండదు.

మంచి పేరెలా పెట్టాలో డాన్ లైబ్స్ 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1178లో సరదాగా రాశాడు. మీ పేరు పెట్టకండి, ప్రాజెక్టు పేరు పెట్టకండి, వాడుకలో ఉన్న మాటలు పెట్టకండి అని. మెషీన్‌కి ‘అప్’ అని పేరుపెట్టిన చోట, అప్ డౌన్‌లో ఉందా అని అడగాల్సి వచ్చిన కథ అందులోదే. మనకైతే అసలు తెలుగు పేరే కుదరదు. హోస్ట్‌నేమ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే ఉండాలన్న పాత నియమం ఇంకా కదల్లేదు. వెబ్ చిరునామాలో .భారత్ అని తెలుగులో రాసినా లోపల అది ఇంగ్లిష్ అక్షరాల ముసుగులోనే ప్రయాణిస్తుంది. ఒక చిన్న ఊరట ఉంది. సిస్టమ్‌డీ వాడే లినక్స్‌లో అసలు పేరుతో పాటు ‘అందమైన పేరు’ ఒకటి విడిగా పెట్టుకోవచ్చు, దానికి ఏ లిపైనా పనికొస్తుంది. మా పెద్దపెట్టె అని రాస్తే బ్లూటూత్ జాబితాలో చక్కగా కనబడుతుంది. ప్రాంప్ట్ మాత్రం దాన్ని పట్టించుకోదు.

పేరు చూపించడం మంచిదేనా అన్న వాదన కూడా ఉంది. ఇంకా లోపలికి రానివాడికి గుమ్మం మీద వివరాలన్నీ ఎందుకని భద్రత చూసేవాళ్లు లాగిన్ తెర మీద పేరూ వెర్షనూ తీసేయిస్తారు. మనుషుల పేర్లతో ఉన్న ల్యాప్‌టాప్‌లు వెళ్లిన ప్రతి నెట్‌వర్క్‌లోనూ యజమాని ఆచూకీ చాటుకుంటాయని 2017 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8117 హెచ్చరించింది.

అంతకుముందే, అదే ఏడాది జనవరి 31 రాత్రి, ప్రాంప్ట్‌ను చదవాల్సిన రోజు ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌కు వచ్చింది. డేటాబేస్ సర్వర్లు రెండు: డీబీ1 అసలుది, డీబీ2 నకలు. నకలు తయారవడం మొండికేస్తుంటే, రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీరు డీబీ2లో పాత డేటా డైరెక్టరీ తుడిచేద్దామనుకుని కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తెలిసింది, తాను ఉన్నది డీబీ1లో అని. వెంటనే ఆపాడు. అప్పటికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్‌లు ఒక్కొక్కటిగా ఏదో కారణంతో పనిచేయలేదని అప్పుడే బయటపడింది. యాదృచ్ఛికంగా ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీతో బయటపడ్డారు. ఆరు గంటల డేటా మాత్రం పోయింది. సుమారు ఐదు వేల ప్రాజెక్టులు, ఐదు వేల వ్యాఖ్యలు, ఏడు వందల కొత్త ఖాతాలు. వాళ్లు దాచుకోలేదు. మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, జరిగినదంతా నివేదికగా రాశారు. చేయాల్సిన పనుల జాబితాలో పెద్ద పెద్ద బ్యాకప్ సంస్కరణల మధ్య ఒక చిన్న పని కూడా ఉంది: అన్ని మెషీన్ల మీదా పీఎస్1 మార్చాలి, ఏది ఏదో స్పష్టంగా తెలిసేలా.

ఇలాంటి పొరపాట్లను అడ్డుకోవడానికే డెబియన్‌లో మోలీ-గార్డ్ అని ఒక చిన్న ప్యాకేజీ ఉంది. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో వచ్చి సర్వర్‌ను ఆపమంటే అది వెంటనే ఆపదు. మీరు ఆపబోయే మెషీన్ పేరు టైప్ చేయమంటుంది. తప్పు పేరు కొడితే కదలదు. మోలీ-గార్డ్ అనే పేరు ఎక్కడిదంటే, ఒక ఐబీఎం 4341 కంప్యూటర్‌కు పెద్ద ఎర్ర స్విచ్ ఉండేది. ఒక ప్రోగ్రామర్ బుడిబుడి నడకల కూతురు మోలీ ఒకే రోజు దాన్ని రెండుసార్లు నొక్కేసింది. ఆ తర్వాత ఆ స్విచ్ మీద ప్లాస్టిక్ మూత బిగించారు.