తాకట్టు సొమ్ము: బాకీ ఎంతన్న తగాదా

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) క్రీ.శ. 632లో ఇహలోకాన్ని వీడేనాటికి ఆయన కవచం ఒక యూదుని వద్ద 30 సాల యవలకు తాకట్టులో ఉన్నదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం బుఖారీ గ్రంథంలో ఉన్నది. అల్‌బఖరా సూరా 283వ ఆయతు ప్రయాణంలో లేఖకుడు దొరకనప్పటి తాకట్టును ప్రస్తావిస్తున్నది. ప్రవక్త (స) మదీనాలోనే తాకట్టు పెట్టారు గనుక స్వస్థలంలోనూ అది చెల్లుతుందని అత్యధిక పండితులు నిర్ణయించారు.

అరబీలో దీనిని ‘రహ్న్’ అంటారు. అనువాదంలో నేను ‘తాకట్టు’ అనే రాస్తాను గాని మనస్సు ఒప్పదు. మన మాటకు వడ్డీ వాసన పట్టింది. అరబీ మాటకు అది లేదు.

వ్రాత లేదు, సాక్షి లేడు. వస్తువు విడిపించుకోవడానికి వచ్చినవాడు బాకీ 50 దిర్హములంటాడు. అప్పిచ్చినవాడు 80 అంటాడు. ఎవరి మాట చెల్లాలి? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఇమామ్ షాఫిఈ (రహ్మ) తాకట్టు పెట్టినవాని మాటే ప్రమాణంపై చెల్లుతుందన్నారు. ఎక్కువ రావాలనేవాడు వాది, రుజువు అతని బాధ్యత. కాదనేవానికి ప్రమాణం చాలు. ఇమామ్ మాలిక్ (రహ్మ) ఇందుకు భిన్నంగా, వస్తువు విలువ మేరకు అప్పిచ్చినవాని మాటనే ప్రమాణంపై అంగీకరించారు. వస్తువు 100 దిర్హములు చేస్తే 80 చెల్లుతుంది. 60 మాత్రమే చేస్తే, ఆపైన 20కి మళ్ళీ బాకీదారు మాటే. చేతిలోని వస్తువు ఒక విధంగా సాక్ష్యమని ఆయన అభిప్రాయం. 14వ శతాబ్దిలో ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) కూడా ఈ పక్షమే వహించారు.

కొర్డోవా ఖాజీ ఇబ్ను రుష్ద్ (మరణం 1198) ఇరుపక్షాల వాదాలనూ వివరిస్తూ, అధికసంఖ్యాకుల సమాధానాన్ని కూడా నమోదు చేశాడు. బాకీని మించిన విలువగల వస్తువును తాకట్టు పెట్టడం కద్దు, కాబట్టి విలువను బట్టి బాకీని ఊహించరాదు. మన ఊళ్ళలో నగ తాకట్టు పెట్టిన ఏ ఇల్లాలినడిగినా ఇదే చెబుతుంది. బంగారం చేసేంత సొమ్ము ఏ షావుకారూ ఇవ్వడు. కనుక ఈ విషయంలో నాకు హనఫీ తీర్పే సబబుగా తోస్తుంది.

మన దుకాణాల తగాదా సాధారణంగా వడ్డీ మీద. వడ్డీ నిషిద్ధమన్నది వేరే సంగతి; అసలు ఎంతో తేలనిదే ఆ లెక్కా తేలదు. గడువు దాటింది, నగ పోయిందనడం మరో పేచీ. అజ్ఞానకాలపు అరబ్బులలో ఈ ఆచారముండేది. తాకట్టు వస్తువు అలా జప్తు కారాదని ప్రవక్త (స) వారించారు. భారత కాంట్రాక్టు చట్టం (1872) 176వ సెక్షను ప్రకారం కూడా అప్పిచ్చినవాడు ముందుగా తగిన నోటీసు ఇచ్చి అమ్మాలి, బాకీ పోగా మిగిలినది సొంతదారుకు చెల్లించాలి. 177వ సెక్షను ప్రకారం గడువు దాటినా, అమ్మకం జరిగేలోగా విడిపించుకోవచ్చు. ఆలస్యం వల్ల అయిన ఖర్చులు అదనంగా ఇచ్చుకోవాలి. 1943 నాటి మద్రాసు తాకట్టు వ్యాపారుల చట్టం రశీదు ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. ఆ రశీదుపై వేసిన అంకె తాను చేతికి పుచ్చుకున్న సొమ్మేనా అని దుకాణం మెట్లు దిగకముందే చదివించుకోవాలి.