గడప దాటి వచ్చిన గానసభ

చార్మినారు 1591 నాటిది. దానిని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా కవి. ఆయన దక్కనీ కవితలు నేటికీ గ్రంథరూపంలో లభిస్తున్నవి. కాని ఆ కవితలను ఆనాటి గాయకులు ఏ స్వరంలో పాడినారో, ఏ పంక్తి దగ్గర ఆగి శ్రోతల వైపు చూచినారో మనకు తెలియదు. రాయి నిలిచినది, అక్షరం నిలిచినది, కంఠం నిలువలేదు. హైదరాబాదు పాతబస్తీ సంగీతచరిత్ర వ్రాయబూనిన వారికి మొట్టమొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

ఒక రాత్రి, ఒక చోట, కొందరి నడుమ జరిగిన గానసభ ఆ రాత్రి అక్కడ లేనివారి ఇంటికి చేరడానికి ఎంతకాలం పట్టినది? చేరునప్పుడు తన వెంట ఏమి తెచ్చుకొన్నది, దారిలో ఏమి విడిచిపెట్టినది? ఈ ప్రసంగంలో ఆ విషయాన్ని పరిశీలిద్దాము.

మహ్ లకా బాయి చందా పేరు వినని హైదరాబాదీ ఉండడు. 1768లో జన్మించి 1824లో మరణించిన ఆమె కవయిత్రి, గాయని, నర్తకి, ఆసఫ్‌జాహీ దర్బారులో గౌరవస్థానం పొందిన విదుషి. 1799లో తన గజళ్ళ వ్రాతప్రతిని ఆమె జాన్ మాల్కం అనే ఆంగ్లేయ అధికారికి బహూకరించినది. ఆ ప్రతి నేడు లండనులో భద్రంగా ఉన్నది. మౌలాలీ కొండ దిగువన ఆమె సమాధి ఉన్నది. ఇన్ని ఉన్నా, ఆమె పాట ఎట్లుండెనో చెప్పగలవారు లేరు.

తాన్‌రస్ ఖాన్ సంగతీ అంతే. ఢిల్లీలో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ కొలువులో గాయకుడైన ఆయన 1857 తిరుగుబాటు తరువాత కొలువు చెదరిపోగా, కాలక్రమాన హైదరాబాదు చేరి నిజాముల ఆదరం పొందినాడు. ఇక్కడనే కన్నుమూసినాడు. ఆయన తానం శిష్యుల కంఠాలలో మిగిలినదే కాని, ఆయన కంఠంలో మనకు మిగులలేదు.

యంత్రం అప్పటికే పుట్టినది. 1877లో ఎడిసన్ మానవస్వరాన్ని పట్టి మరల వినిపించినాడు. భారతదేశానికి ఆ విద్య వ్యాపారంగా వచ్చినది 1902లో. ఆ సంవత్సరం నవంబరులో గ్రామఫోను కంపెనీ వారి ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించినాడు. 1908 నాటికి కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్ల కర్మాగారం వెలసినది. అక్కడినుండి కొమ్ముబూరల పెట్టెలు నవాబుల దివాన్‌ఖానాలకు, వర్తకుల ఇళ్ళకు, ఆ తరువాత ఇరానీ హోటళ్ళకు ప్రాకినవి.

అయితే ఆ ప్లేటుపై ఎక్కినది పాట మాత్రమే. గాయని ఒక గదిలో కొమ్ము ముందు కూర్చుండి, ఎదుట శ్రోత ఒక్కడు లేకుండ పాడవలసి ఉండెను. ఒక్కొక్క ప్రక్కకు ఇంచుమించు మూడు నిమిషాలే వ్యవధి. గంటసేపు విస్తరించే ఖయాలు మూడు నిమిషాలకు కుదించుకొన్నది. పాట ముగియగానే గౌహర్ జాన్ తన పేరు తానే పలికేది. పాట ఇల్లు చేరినది కాని, సభ బయటనే నిలిచిపోయినది.

అట్లని ఆ మూడు నిమిషాలను చులకన చేయరాదు. పండిత జస్‌రాజ్ బాల్యం హైదరాబాదులో గడిచినది. ఆయన తండ్రి పండిత మోతీరాం 1934లో ఈ నగరంలోనే పరమపదించినప్పుడు కుమారునికి నాలుగేళ్ళు. బడికి పోవుదారిలో ఒక చిన్న హోటలులో బేగం అఖ్తర్ పాడిన గజలు ప్లేటు మ్రోగుచుండెడిదనీ, బడి మాని అక్కడనే కూర్చుండి వినేవాడననీ జస్‌రాజ్ పలుమార్లు చెప్పుకొన్నారు. ఒక చవుక హోటలులో అరిగిన ప్లేటు ఒక మహాగాయకునికి తొలి పాఠం చెప్పినది. 2020లో తాను కన్నుమూయునాటికి జస్‌రాజ్ గంటల కొలది ధ్వనిముద్రణలు విడిచి వెళ్ళినారు. తండ్రి కొడుకుల మధ్య ఒక్క తరమే అంతరం, కాని ఆ ఒక్క తరంలోనే యంత్రం వచ్చి నిలిచినది.

ఇక రేడియో సంగతి. 1933లో మహబూబ్ అలీ అనే ఔత్సాహికుడు చిరాగ్ అలీ సందులో 200 వాట్ల చిన్న ప్రసారయంత్రం నెలకొల్పినాడు. 1935 ఫిబ్రవరిలో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసికొన్నది. అదే దక్కన్ రేడియో. 1939లో సరూర్‌నగరులో 5 కిలోవాట్ల ప్రసారయంత్రం పని ప్రారంభించినది. ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ కార్యక్రమాలు కూడ వినవచ్చినవి. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో విలీనమైనది.

మా వృత్తివారు గర్వించదగిన విషయం ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. పాతబస్తీ దేవిడీలలో సభ జరిగినప్పుడు మగవారు ఎదుట కూర్చుండేవారు. జనానా స్త్రీలు చిలమను చాటునుండి వినగలిగినంత వినేవారు. పేదవాడు వీధిలో గోడ ప్రక్కన నిలిచి వినేవాడు. రేడియో ఈ మూడు తరగతుల వారిని ఒకే వరుసలో కూర్చుండబెట్టినది. నవాబుగారికి వినవచ్చిన స్వరమే, అదే క్షణంలో, వంటయింటిలోని ఇల్లాలికీ హోటలులోని కూలివానికీ వినవచ్చినది.

కాని ఆ స్వరం వెంటనే గాలిలో కలిసిపోయేది. టేపు వాడుకలోకి వచ్చువరకు రేడియో కచేరీలు చాలవరకు ప్రత్యక్షప్రసారాలే. గాయకుడు స్టూడియోకు వచ్చి పాడినాడు, శ్రోత విన్నాడు, అంతటితో సరి. ఆ సాయంకాలం రేడియో దగ్గర లేనివారికి దానిని తిరిగి వినే మార్గం లేదు.

అయస్కాంతపు టేపు ఈ స్థితిని మార్చినది. గంటల తరబడి ఆగకుండ ముద్రించవచ్చును, యంత్రాన్ని సభకే తీసికొనిపోవచ్చును. 1954లో ఆరంభమైన రేడియో సంగీత సమ్మేళనాలలో కళాకారులు ఆహూతులైన శ్రోతల ఎదుట పాడినారు. ఇంటిలోని శ్రోతకు రాగంతో పాటు సభికుల కరతాళం, ఎవరో ముందు వరుసలో పలికిన 'వాహ్వా', తంబురా సరిచేసే అలికిడి కూడ వినవచ్చినవి. ప్లేటు బయట విడిచిన సభ ఇప్పుడు గడప దాటి లోపలికి వచ్చినది.

దీని విలువ తెలియవలెనన్నచో సుల్తాన్ షాహీలోని మీర్ మోమిన్ దాయిరాకు పోవలెను. నగరనిర్మాణానికి రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ పేర వెలసిన ఆ ప్రాచీన శ్మశానవాటికలో ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ నిద్రిస్తున్నారు. పంజాబులోని కసూరులో పుట్టి, దేశవిభజన తరువాత కొంతకాలం పాకిస్తానులో ఉండి, తిరిగి భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడైన ఆ మహాగాయకుడు 1968 ఏప్రిల్‌లో హైదరాబాదులో బషీర్‌బాగ్ పాలెస్‌లో కన్నుమూసినారు. ఆయన మొదటి పాటలు మూడు నిమిషాల ప్లేట్లపై ఉన్నవి. ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషాలు దాటి మ్రోగే లాంగ్‌ప్లే రికార్డులు తరువాత వచ్చినవి. ఆయన పోయిన పిమ్మట, రేడియోవారి దగ్గర, సంగీతప్రియుల ఇళ్ళలో దాగియున్న సభల టేపులు ఒక్కొక్కటిగా వెలువడినవి. ప్లేటుపై ఆయన రాగాన్ని వినగలము. సభ టేపులో ఆయన శ్రోతలను చేరదీయు తీరును కూడ వినగలము. ఆ టేపులను దాచినవారు దాచకున్నచో మనకు సగం గులాం అలీయే మిగిలి యుండెడివాడు.

ఇదే కాలంలో పాశ్చాత్యదేశాలలో సభ పరిమాణమే మారిపోయినది. 1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియంలో బీటిల్స్ అనే ఆంగ్ల యువకుల బృందం పాడగా 55,000 మందికి పైగా వినవచ్చినారు. విన్నారని చెప్పుట కష్టమే. శ్రోతల కేకలలో పాట మునిగిపోయినది, గాయకులకు తమ పాటే తమకు వినరాలేదు. ఆ సభను చలనచిత్రంగా తీసినారు. మరుసటి సంవత్సరం జనవరిలో లండను స్టూడియోలో కొన్ని పాటల భాగాలను మరల పాడి, వాయించి, చిత్రానికి అతికినారు. 1966 మార్చి 1న బి.బి.సి. టెలివిజనులో చూచినవారు స్టేడియంలోని శ్రోతలకంటె స్పష్టంగా విన్నారు, అయితే వారు విన్నదంతా ఆ రాత్రి పాడినది కాదు.

ఇరువది యేండ్ల తరువాత, 1986 జూలై 11, 12 తేదీలలో లండను వెంబ్లీ స్టేడియంలో క్వీన్ అనే రాక్ బృందం కచేరీ జరిపినది. ఆ బృందపు ప్రధానగాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ జాంజిబారులో పుట్టిన పార్సీ, మన పంచ్‌గనీలో చదువుకొన్నవాడు. రెండవనాటి సభ 1990లో వీడియో కేసెట్టుగా, 2003లో డి.వి.డి.గా ఇళ్ళకు చేరినది. 1991లో గాయకుడు మరణించినాడు. నాటి సభను చూచినవారి సంఖ్య వేలలో ఉన్నచో, ఇంటిలో కూర్చుండి చూచినవారి సంఖ్య లక్షలకు చేరినది. వారిలో ఎందరో ఆ సభనాటికి పుట్టనైన లేదు.

ఈ రెండు ఉదాహరణలు మనకు ఒక హెచ్చరిక చేస్తున్నవి. ఇంటికి వచ్చిన సభ ఎంతో కొంత కూర్చబడిన సభ. కెమెరా ఎటు చూచినదో అటే మనం చూడగలము. మన ఖవ్వాలీనే తీసికొనుడు. తాన్‌రస్ ఖాన్ పరంపర వారమని చెప్పుకొనే హైదరాబాదు వార్సీ కుటుంబంలో అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ దేశఖ్యాతి గాంచినారు, ఆయన పాటలు రికార్డులపై వెలువడినవి. దర్గాలో ఖవ్వాలీ జరుగునప్పుడు శ్రోతలలో ఒకనికి ఒక పంక్తి వద్ద ఆవేశం కలిగినచో, ఆ ఆవేశం చల్లారువరకు గాయకుడు ఆ పంక్తినే మరల మరల పాడవలెను. పాట ఎప్పుడు ముందుకు సాగవలెనో నిర్ణయించేది శ్రోత. రికార్డుపై అట్టి శ్రోతకు చోటు లేదు. అక్కడ వ్యవధి నిర్ణయించేది ప్లేటు.

పాతబస్తీలో అట్టి శ్రోతకు చోటు కల్పించినది కేసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో ప్రవేశపెట్టిన ఆ చిన్న పెట్టె 1970 తరువాత గల్ఫు దేశాలకు పనికిపోయిన వారి సామానులో ఇంటింటికి వచ్చినది. టూ-ఇన్-వన్, ఆ వెనుక వి.సి.ఆర్. వచ్చినవి. ఉత్తరం వ్రాయనేరని తల్లి తన మాటలను కేసెట్టులో చెప్పి కొడుకుకు పంపినది. కొడుకు అక్కడ జరిగిన ముషాయిరా కేసెట్టు ఇక్కడికి తెచ్చినాడు. మొహర్రం మర్సియాలు, నోహాలు, ఉర్సు ఖవ్వాలీలు, పెండ్లి పాటలు ఏ రికార్డు కంపెనీ అనుమతీ లేకుండ ముద్రింపబడినవి. వీటిలో కోతలు లేవు, కూర్పు లేదు. నడుమ పసివాని ఏడుపు వినబడును, చాయ్ కప్పుల చప్పుడు వినబడును. చరిత్రకారునికి ఇంతకంటె నమ్మకమైన సాక్షి దొరకదు.

విచారకరమైన సంగతి ఏమనగా, ఈ సాక్షి ఆయుర్దాయం స్వల్పం. టేపుపై పూత కాలక్రమాన రాలును, తేమకు బూజు పట్టును. 2020 అక్టోబరు వరదలలో హఫీజ్ బాబా నగరు వంటి బస్తీలలో నీరు ఇళ్ళలోనికే వచ్చినది. అట్టి నీరు అటక క్రింది పెట్టెలోని కేసెట్టును విడిచిపెట్టదు. ప్రకృతి చేయు నష్టానికి మానవుడు తోడైనాడు. టేపు ఖరీదైన వస్తువు గాన, దానిని చెరిపి మరల వాడుకొనుట ప్రసారసంస్థలలో ప్రపంచమంతట ఉండిన అలవాటు. బి.బి.సి. అంతటి సంస్థయే 1960, 1970 దశకాల సంగీత కార్యక్రమాలను ఎన్నింటినో చెరిపివేసి తరువాత విచారించినది. ఇళ్ళలో జరుగునదీ అదే. తాతగారు ముద్రించుకొన్న మెహఫిల్‌పై మనుమడు సినిమాపాట ఎక్కించును. తప్పు అతనిది కాదు. దానిలో ఏమున్నదో అట్టపై ఎవరూ వ్రాయలేదు.

అందుచేత మా శ్రోతలకు కొన్ని మనవులు. ఇంటిలో పాత కేసెట్టు ఉన్నచో దాని వెనుక అంచున ఉండే రెండు చిన్న రెక్కలను విరిచివేయుడు. ఆపై దానిమీద పొరపాటున ముద్రణ జరుగదు. ఎండ, తేమ, లౌడ్‌స్పీకరు అయస్కాంతం తగులని చోట నిలువుగా పెట్టుడు. బూజు పట్టిన టేపును మామూలు యంత్రంలో త్రిప్పవద్దు, తెలిసినవారికి చూపుడు. మంచి స్థితిలో ఉన్నదానిని కంప్యూటరులోనికి ఎక్కించి, రెండు వేరువేరు చోట్ల దాచుడు. అన్నింటికంటె ముందు ఒక కాగితంపై ఎవరు పాడినారు, ఎవరు వాయించినారు, ఎవరి ఇంట, ఏ సందర్భంలో, ఏ సంవత్సరంలో అన్నది వ్రాసి పెట్టుడు. ఇంటిలోని పెద్దలు జ్ఞాపకం చెప్పగలిగి ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను.

నేడు చౌమహల్లా ప్రాంగణంలో కచేరీ జరిగినచో వందల ఫోనులు పైకి లేచును. ముద్రణకు కొరత లేదు. అయినా ఫోను పోయినచో దానితో పాటు సభ కూడ పోవును. మహ్ లకా బాయి పాటను దాచుకొను సాధనం ఆనాటివారికి లేదు గనుక వారిని తప్పుపట్టలేము. మన చేతిలో ఆ సాధనం ఉన్నది. ఈ వారం ఒక్క పెట్టెను క్రిందికి దింపి, తుడిచి, ఒక్క కేసెట్టుపై పేరు, సంవత్సరం వ్రాసినను చాలును.