1965: వలస వెళ్ళినోళ్ళకి టీవీలో అరగంట ఎలా దొరికింది?

దేవరాపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న. దేశం కాని దేశం వెళ్ళి బతుకుతున్న జనానికి, అక్కడి టీవీలో వాళ్ళ భాషలో ప్రోగ్రాం ఎలా మొదలవుతుంది? ఎవరు అడుగుతారు? ఎవరు ఇస్తారు?

ఇది మనకెందుకు అంటారా? మన చోడవరం వైపు చెరకు తెలియనోళ్ళు లేరు. గోవాడ ఫ్యాక్టరీ, అనకాపల్లి బెల్లం మార్కెట్ చూస్తూ పెరిగాం. తెల్లదొరల కాలంలో అదే చెరకు కోసం మన విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కూడా జనాన్ని కూలి ఒప్పందం మీద ఓడలెక్కించి మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ పంపించారు. కాబట్టి ఈ కథ మన చుట్టాల కథే అనుకోండి.

1965ని గుర్తుపెట్టుకోండి. ఆ ఒక్క ఏడాదిలో మూడు దేశాల్లో మూడు పనులు జరిగాయి.

మొదటిది బ్రిటన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ ఫ్యాక్టరీలకి, బస్సులకి, ఆసుపత్రులకి మనుషులు కావాల్సొచ్చింది. ఇండియా, పాకిస్తాన్, వెస్టిండీస్ నుంచి జనం వెళ్ళారు. 1965లో బీబీసీ ఈ వలస జనం ప్రతినిధుల్ని పిలిచి, మీకు ఏం కావాలని అడిగింది. వెస్టిండీస్ వాళ్ళు మాకు వేరే ప్రోగ్రాం అక్కర్లేదన్నారు. వాళ్ళకి ఇంగ్లీషు వచ్చు. అందరూ చూసే ప్రోగ్రాముల్లోనే తామూ కనపడాలి, విడిగా కూర్చోబెట్టొద్దు అన్నది వాళ్ళ మాట. మన ఉపఖండం వాళ్ళ పరిస్థితి వేరు. ఇంగ్లీషు రాక ఇంట్లోనే ఉండిపోయిన ఆడవాళ్ళు చాలామంది. డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పాలన్నా కష్టమే.

అలా 1965 అక్టోబర్ 10న, ఆదివారం ఉదయం, 'అప్నా హీ ఘర్ సమఝియే' మొదలైంది. ఇది మీ ఇల్లే అనుకోండి అని అర్థం. ఇంగ్లీషు నేర్పడం, అక్కడి పద్ధతులు చెప్పడం, మధ్యలో పాటలు. 1968లో దాని తర్వాత 'నయీ జిందగీ నయా జీవన్' వచ్చి 1982 దాకా నడిచింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏ భాషలో పెట్టాలి? అక్కడున్నోళ్ళలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది పంజాబీ, గుజరాతీ, బెంగాలీ. ఉన్నది ఒక్క అరగంట. అందుకని హిందీ వాళ్ళకీ ఉర్దూ వాళ్ళకీ అర్థమయ్యే హిందుస్తానీ తీసుకున్నారు. అంటే చాలామందికి అది కూడా సొంత భాష కాదు! తక్కువమంది ఉన్న తెలుగోళ్ళ సంగతి ఇంక చెప్పేదేముంది. టీవీలో టైం తక్కువైతే ముందు తెగిపోయేది చిన్న గుంపు భాషే.

రెండోది మారిషస్. అక్కడ టీవీ మొదలైంది కూడా 1965లోనే. కానీ అక్కడి తెలుగోళ్ళు నిన్న మొన్న వెళ్ళినోళ్ళు కాదు. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ దీవికి కూలికి వెళ్ళారు. వాళ్ళు దిగిన చోటే పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాళ్ళలో తెలుగోళ్ళు కొద్దిమందే. తరాలు మారాక చాలా ఇళ్ళలో మాట క్రియోల్ అయిపోయింది.

కాబట్టి వాళ్ళకి కావాల్సింది కొత్త దేశం గురించి పాఠం కాదు. తాతల భాష ఇంట్లోంచి పోతోంది, దాన్ని పట్టుకోవాలి. ముందు సంఘం కట్టుకున్నారు. మారిషస్ ఆంధ్ర మహాసభ 1947లో పుట్టింది. స్కూళ్ళలో తెలుగు వచ్చింది, ఉగాదికి దేశమంతా సెలవు వచ్చింది. అక్కడి ప్రభుత్వ రేడియో, టీవీల్లో హిందీ, తమిళం, ఉర్దూ, మరాఠీల పక్కన తెలుగు కూడా చోటు దక్కించుకుంది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే.

గమనించారా? బ్రిటన్‌లో ప్రోగ్రాం పెట్టింది కొత్తోళ్ళకి ఆ దేశం అర్థం కావడానికి. మారిషస్‌లో పెట్టింది పాతోళ్ళ మనవలకి సొంత భాష అర్థం కావడానికి. రెండూ వలస జనం ప్రోగ్రాములే, పని మాత్రం తలకిందులు.

మూడోది అమెరికా. 1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టిన కొత్త వలస చట్టంతో మన డాక్టర్లకి, ఇంజనీర్లకి తలుపు తెరుచుకుంది. అక్కడ ఇంకో దారి దొరికింది. పెద్ద సిటీల్లో కొత్తగా వచ్చే కేబుల్ కంపెనీలు మామూలు జనానికి ఒక చానల్ వదలాలని 1972లో రూల్ పెట్టారు. తర్వాత సుప్రీంకోర్టు ఆ రూల్ కొట్టేసినా, చాలా ఊళ్ళు కంపెనీలతో సొంతంగా ఒప్పందం రాసుకుని దాన్ని నిలబెట్టుకున్నాయి. కెమెరా పట్టుకోవడం నేర్చుకుంటే చాలు, ఎవరైనా తమ భాషలో ప్రోగ్రాం చేసుకోవచ్చు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. శాటిలైట్ తర్వాత ఎక్కడున్నా తెలుగు సీరియల్ చూడొచ్చు. ఇంక ఆ అరగంటతో పనేముంది అనిపిస్తుంది. పని ఉంది. హైదరాబాద్ చానల్‌లో వచ్చేది హైదరాబాద్ కబురు. పోర్ట్ లూయిస్‌లో ఉన్న అవ్వ కథ, అక్కడి పిల్లాడి తెలుగు అందులో రావు. ఆ ఊళ్ళో జీతం ఎగ్గొడితే ఎక్కడ అడగాలో కూడా అది చెప్పదు. దూరం నుంచి వచ్చేది భాష మాత్రమే. మన బతుకు తెర మీదికి రావాలంటే అక్కడున్నోళ్ళే తీయాలి.

ఇప్పుడు మనవైపు చూద్దాం. అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్ళు ఎంతమంది పనిచేస్తున్నారో మీకు తెలుసు. వాళ్ళ దగ్గర ఫోన్ ఉంది, వాళ్ళ భాష పాటలున్నాయి. కానీ ఇక్కడ గ్యాస్ లీకైతే ఎటు పరిగెత్తాలి, దెబ్బ తగిలితే ఈఎస్ఐ ఆసుపత్రికి ఎలా వెళ్ళాలి, తక్కువ కూలి ఇస్తే ఎవరికి చెప్పాలి, ఇవి ఒడియాలో, భోజ్‌పురిలో చెప్పే అరగంట ఎక్కడుంది?

ఒకప్పుడు మనోళ్ళు చెరకు తోటల్లో పరాయి జనం. ఇవాళ మనం ఇంటి యజమానులం. బీబీసీకి ఆ రోజు స్టూడియో కావాల్సొచ్చింది, మనకి ఫోన్ చాలు. ఒడియా వచ్చిన ఫ్రెండ్ ఒకడుంటే, భద్రత గురించి పది నిమిషాల వీడియో ఈ ఆదివారమే తీయొచ్చు. ముందు మాత్రం వాళ్ళనే అడగండి, మీకు ఏం కావాలి అని. 1965లో మొదలైంది కూడా ఆ ప్రశ్నతోనే.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.