కాకతి వంశపు శాసనసభ్యుడు: ప్రవీరచంద్ర భంజ్ దేవ్

క్రీ.శ. 1323 లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమగుటతో కాకతీయుల చరిత్ర ముగిసెనని మన పాఠ్యపుస్తకములు చెప్పును. కాని గోదావరికి ఆవల, ఇంద్రావతీ తీరపు బస్తరు అడవులలో ఆ వంశనామము మరి ఆరువందల యేండ్లకు పైగా నిలిచినది. ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు అచ్చట రాజ్యము స్థాపించెనని అక్కడి రాజకుటుంబపు సంప్రదాయము. దిక్పాలదేవుని నాటి దంతేవాడ శాసనమును (1703) ఈ వంశక్రమమునే పేర్కొనుచున్నది. దాదాపు నాలుగు శతాబ్దుల పిమ్మటి సాక్ష్యమునకు ఎంత విలువ యీయవలెనో చరిత్రకారులు తేల్చుకొందురు గాక! బస్తరు ప్రజలు మాత్రమెన్నడును ఈ సందేహము పెట్టుకొనలేదు.

ఆ వంశమున ప్రవీరచంద్ర భంజ్ దేవ్ 1929 లో జన్మించెను. తల్లి ప్రఫుల్లకుమారీదేవి స్వయముగా బస్తరు నేలిన రాణి. తండ్రి మయూర్‌భంజ్ వంశీయుడు. 'భంజ్' అను పేరు ఆ విధముగా వచ్చినదే. 1936 లో రాణి లండనులో మరణింపగా ఏడేండ్ల బాలుడు సింహాసన మెక్కెను. 1947 లో పూర్ణాధికారములు లభించెను. 1948 జనవరి 1 న సంస్థానము దేశములో విలీనమయ్యెను. ఆయన స్వయముగా రాజ్యమేలినది కొన్ని మాసములే.

అయినను పోయినది పరిపాలనాధికారము మాత్రమే. శంఖినీ డంకినీ సంగమమున వెలసిన దంతేశ్వరీదేవికి బస్తరు రాజు ప్రధానార్చకుడు. జగదల్‌పురపు దసరా డెబ్బదియైదు దినముల పండుగ. అందు రావణుని ప్రసక్తియే లేదు, ఉత్సవమంతయు దేవిదే. అడవిపల్లెల జనులు కఱ్ఱ తెచ్చి రథము కట్టి, త్రాళ్ళు పట్టి లాగుదురు. ఆనాడు కేరళ రాష్ట్రము కన్న విశాలముగానుండిన జిల్లా నుండి వచ్చిన ఆ జనులకు ప్రవీరచంద్రుడు మాజీ సంస్థానాధీశుడు కాడు, దేవికి తమకు నడుమ నిలిచిన మనిషి. ఈ సంగతి గ్రహింపనిదే తరువాతి కథ బోధపడదు.

1953 లో ఆయన ఆస్తిని ప్రభుత్వము కోర్టు ఆఫ్ వార్డ్సు క్రిందికి తెచ్చెను. 1957 ఎన్నికలలో ఆయన కాంగ్రెసు పక్షమున జగదల్‌పురము నుండి మధ్యప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యెను. జన్మచే రాజైనవాడు ఓటుచే ప్రతినిధి యగుట ఆనాడు అపురూపము కాదు. కాని ప్రభుత్వముతో పొత్తు కుదరక, సభలో పూర్తికాలము నిలువలేదు.

1961 ఫిబ్రవరిలో ఆయనను నివారక నిర్బంధ చట్టము క్రింద బంధించిరి. రాజుగా ఆయనకున్న గుర్తింపును రద్దుచేసి, తమ్ముడు విజయచంద్రున కిచ్చిరి. గుర్తింపునిచ్చుటయు తీసివేయుటయు ప్రభుత్వము చేతిలోనివే. దేవిముందు ఎవరు నిలువవలెనో నిర్ణయించుట మాత్రము ఏ శాఖ దస్త్రములోను లేదు. మార్చి 31 న లోహండీగూడాలో గుమిగూడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపిరి, పలువురు మరణించిరి. ప్రవీరచంద్రుడు అచిరకాలముననే విడుదలయ్యెను. 1962 ఎన్నికలలో ఆయన బలపరచిన అభ్యర్థులు బస్తరులో అధికస్థానములు గెలిచిరి. గుర్తింపు రద్దుకు ప్రజలిచ్చిన సమాధానమిది, చట్టసమ్మతమైనది కూడ.

ఆ సమాధానమును వినినవారు తక్కువ. ధాన్యపు లెవీపై, బియ్యపు కొరతపై అలజడి పెరిగినది. 1966 మార్చి 25 న జగదల్‌పుర రాజప్రాసాదములోనే పోలీసు కాల్పులలో ప్రవీరచంద్రుడు హతుడయ్యెను. అప్పటికి ముప్పదియారేండ్ల వయస్సు. ప్రభుత్వపు లెక్కలో మృతులు ఆయనతో కూడి పన్నెండుగురు. ప్రజలు చెప్పు లెక్క అంతకు చాల ఎక్కువ. న్యాయమూర్తి పాండే విచారణ జరిపెను.

నేడు బస్తరు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనిది. కుంట, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు ఇంకను వినిపించును. అడవిపల్లెలలో దేవతల పటముల సరసన ప్రవీరచంద్రుని పటము కానవచ్చును. 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహమునకు ఆ వంశపు వారసుడు కమల్‌చంద్ర భంజ్ దేవ్ అతిథిగా ఓరుగల్లునకు విచ్చేసెను.