స్ప్రేయర్ వేడెక్కాక ఆగిపోతోందా? కాయిల్ కొనే ముందు ఇవి చూడండి

పెట్రోల్ పవర్ స్ప్రేయర్ రెండు ట్యాంకులు కొట్టాక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. అయితే పెట్రోల్ సరిగా అందకపోయినా ఇంజన్ ఇలాగే ఆగిపోతుంది. కాబట్టి ఈ వరుసలో పరీక్షించండి.

1. స్ప్రేయర్‌ను వీపు మీద నుంచి దించండి. పెట్రోల్ డబ్బా దూరంగా పెట్టండి. ఇంజన్ వేడి మీద ఉండగానే మందపాటి చేతితొడుగులతో ప్లగ్గు విప్పి క్యాపుకు తగిలించండి. ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజన్ బాడీకి ఆనించి స్టార్టర్ తాడు లాగించండి. నీలి రవ్వ గట్టిగా వస్తే కాయిల్ బాగున్నట్లే. చల్లారాక ట్యాంకు మూత గాలి రంధ్రం, ఫిల్టర్, కార్బొరేటర్ శుభ్రం చేయండి.

2. రవ్వ రాకపోతే కొత్త ప్లగ్గు పెట్టి చూడండి.

3. అప్పటికీ రాకపోతే కాయిల్ దగ్గర స్టాప్ స్విచ్ వైరు విప్పి తాడు లాగండి. రవ్వ వస్తే లోపం స్విచ్‌లోనో, ఒరిసిపోయిన వైరులోనో ఉంది. సరిచేసి మళ్లీ కలపండి. ఆ వైరు లేకుండా నడపవద్దు, అవసరానికి ఇంజన్ ఆగదు.

4. ఫ్లైవీల్ అయస్కాంతంపై తుప్పు తుడవండి. కాయిల్‌కు, దానికి మధ్య సందు చాలా చిన్న ఇంజన్లలో సుమారు 0.3 మి.మీ. ఉంటుంది. మీ మోడల్ కొలత మాన్యువల్‌లో చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నా రవ్వ లేకపోతేనే కాయిల్ మార్చండి. పాతది వెంట తీసుకెళ్లి అదే మోడల్ కొనండి.

మందు కలపడానికి ముందే ఇంజన్ పది నిమిషాలు నడిపి చూసుకోండి. కలిపిన మందు మర్నాటికి ఉంచితే పనితనం తగ్గుతుంది.